"పిల్లలు కదా" అనవలసింది ఇంటివాళ్ళు

మూడు వారాలుగా ఒక మాట మనసులో తొలుస్తూ ఉంది. ఇంట్లో ఎత్తితే "బంధువుల దగ్గర డబ్బు లెక్కలా?" అని నోరు నొక్కుతున్నారు. ఇక్కడైనా పూర్తిగా చెప్పుకోనివ్వండి.

మా అమ్మ వీణ పగిలింది.

1986లో మా తాతయ్య బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి వెళ్ళి, అక్కడ తరాలుగా వీణలు చెక్కే వారి చేత చేయించి అమ్మకు ఇచ్చిన వీణ అది. ఏకాండి వీణ. అంటే నాదం పలికే గుండ్రటి కుండ ఒకటి, తీగలు సాగే పొడుగాటి దండి ఒకటి విడివిడిగా చేసి అతికించినది కాదు. ఒకే పనస దుంగను తొలిచి చెక్కినది. కర్రలో అతుకు లేదు కాబట్టి నాదం ఎక్కడా తెగకుండా సాగుతుందని అమ్మ ఎప్పుడూ చెప్పేది. దెబ్బ తగిలినప్పుడు ఆ గొప్పతనమే కష్టమవుతుంది. దండి పగిలితే దండిని మాత్రం మార్చే వీలు లేదు. దండి అని వేరే ముక్కే లేదు కదా. అమ్మ పోయి ఆరేళ్ళయింది. నాకు వీణ అంతగా రాదు. రోజూ తుడిచి, శుక్రవారం శ్రుతి చేసి, వచ్చిన నాలుగు గీతాలు వాయించుకుంటాను.

ఆ రోజు మా వారి బాబాయిగారి అబ్బాయి కుటుంబంతో భోజనానికి వచ్చాడు. వాళ్ళ బాబుకు ఆరేళ్ళు. వీణ లోపలి గదిలో చాప మీద, గుడ్డ కప్పి ఉంది. భోజనాలయ్యాక వాడు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, గుడ్డ లాగేసి తీగలు మీటడం మొదలుపెట్టాడు. వంటింట్లో ఉన్న నేను ఆ చప్పుడు విని వచ్చేసరికి మా తోటికోడలు గుమ్మంలో నిలబడి ఫోనులో వీడియో తీస్తోంది. "చూడక్కా, ఎంత బాగా వాయిస్తున్నాడో" అంది. "చేతులు పెట్టనివ్వకమ్మా, చాలా పాతది" అన్నాను. "తీసుకొస్తానక్కా" అంది. ఆ మాట నమ్మి నేను వెనక్కి తిరిగాను.

నిమిషం గడిచిందో లేదో, ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడు. వాడు దండి మీద గుర్రం ఎక్కినట్టు కూర్చున్నాడు. నేల మీద పెట్టిన వీణకు ఒక పక్క కుండ, మరో పక్క సొరబుర్ర ఆధారం. మధ్యలో దండి కింద ఏమీ ఉండదు. వాడి బరువంతా సరిగ్గా అక్కడే పడింది. చీలిక దండి చివర చెక్కిన యాళి (సింహం లాంటి జంతువు) ముఖం దాకా పాకింది. తీగల కింద మైనం మీద నిలబెట్టిన 24 మెట్లలో తొమ్మిది ఊడి చాప మీద చెల్లాచెదురుగా పడ్డాయి.

పిల్లాడు బెదిరిపోయి ఏడ్చాడు. వాడి మీద నాకు ఆ క్షణంలోనూ కోపం రాలేదు, ఇప్పుడూ లేదు. ఆరేళ్ళవాడికి పొడుగ్గా, నున్నగా కనిపించేదల్లా గుర్రమే. తల్లి వాణ్ణి ఎత్తుకుని "ఏం కాలేదు నాన్నా, పెద్దమ్మకు సారీ చెప్పు" అంది. నా వైపు తిరిగి "పిల్లలు కదా అక్కా" అంది. మరిది "అయ్యో వదినా" అన్నాడు. తర్వాత కాఫీ తాగి, బస్సు వేళయిందని వెళ్ళిపోయారు. ఈ మూడు వారాల్లో ఒక్క ఫోను రాలేదు. వీణ ఏమైందని ఒక్కసారి అడగలేదు.

నన్ను కాల్చుతున్నది ఆ "పిల్లలు కదా" అన్న మాట. మాట తప్పు కాదు. అది అనవలసిన నోరు వేరు. నష్టపోయిన ఇంటివాళ్ళు అంటే అది పెద్దమనసు. నష్టం చేసినవాళ్ళే అనేస్తే, బాకీ ఉన్నవాడు తానే వచ్చి పద్దు కొట్టేసుకుని పోయినట్టు. క్షమించే అవకాశం కూడా నాకు మిగల్చలేదు. ఆమె "అక్కా, ఇది బాగుచేయించే ఖర్చు మాది" అని ఒక్క మాట అని ఉంటే నేను బహుశా ఒక్క రూపాయి కూడా తీసుకునేదాన్ని కాదు. ఇది నా ఒక్కదాని స్వభావమని అనుకోను. మన ఇళ్ళలో చాలామంది తీసుకోరు. ఇస్తామనడం వచ్చినవారి ధర్మం, తీసుకోవడమా మానడమా అన్నది ఇంటివారి ఇష్టం. ఈ వరుస తారుమారు కాకూడదు.

నాకు ఇది మా అమ్మే నేర్పింది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు పక్కింటి పిన్నిగారి అటక మీదికి పాకి, ఆవకాయ జాడీ కింద పడేశాను. మే నెలలో పెట్టిన ఊరగాయ. ఏడాదంతా వాళ్ళ అన్నంలోకి రావలసిన కారం, ఆవపిండి, నువ్వుల నూనె అరుగంతా పారింది. అమ్మ నన్ను కొట్టలేదు. మర్నాడు పొద్దున్నే నాన్న బజారుకు వెళ్ళి అంతే పెద్ద జాడీ తెచ్చారు. అమ్మ మా జాడీలోంచి సగానికి సగం ఆవకాయ తీసి అందులో పెట్టి, నన్ను వెంటపెట్టుకుని పక్కింటికి వెళ్ళింది. "పిల్ల కదా, పోనిద్దురూ! ఇవన్నీ ఎందుకు తెచ్చారు?" అని పిన్నిగారు ఎంతో నొచ్చుకున్నారు. చివరికి ఊరగాయలో సగం మాత్రం తీసుకుని, జాడీ ఉంచుకోమని వెనక్కి ఇచ్చేశారు. ఆ ఏడాది మా ఇంట్లో ఆవకాయ సంక్రాంతికే అయిపోయింది. ఎందుకు అయిపోయిందో నాకు తెలుసు కాబట్టి, మజ్జిగన్నంలోకి ఒక్కనాడూ అడగలేదు. రెండు ఇళ్ళ స్నేహం మాత్రం వాళ్ళకు బదిలీ అయ్యేదాకా అలాగే సాగింది.

"చిన్నపిల్లలకు చట్టమే మినహాయింపు ఇచ్చింది" అని మా వారు వాదిస్తున్నారు. నిజమే. పాత శిక్షాస్మృతి 82వ సెక్షను ప్రకారం ఏడేళ్ళు నిండని పిల్లలు చేసినది ఏదీ నేరం కాదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షనులోనూ అదే మాట ఉంది. కానీ అది నేరం గురించి, శిక్ష గురించి. పిల్లాణ్ణి శిక్షించమని ఇక్కడ అడిగినవారు ఎవరు? నష్టపరిహారం సంగతి వేరు. పిల్లలు చేసిన ప్రతి పనికీ తల్లిదండ్రులే బాధ్యులని మన దేశంలో సూత్రం లేదు. వాళ్ళు చూసుకోవలసిన చోట చూసుకోలేదా అన్నదే అసలు ప్రశ్న. గుమ్మంలో నిలబడి వీడియో తీయడం కన్నా ఆ ప్రశ్నకు వేరే జవాబు కావాలా? నేను కోర్టుకు వెళ్ళను. న్యాయం ఎటువైపు ఉందో చెప్పడానికి ఈ ఒక్క ముక్క చాలు.

మా తమ్ముడు జర్మనీలో ఉంటాడు. వాడికి చెబితే, అక్కడ దీనికి చాలా ఇళ్ళలో బీమా ఉంటుందన్నాడు. హాఫ్ట్‌ఫ్లిష్ట్ అంటారట. మనవల్ల ఇతరులకు జరిగే నష్టానికి కట్టుకునే బీమా. కుటుంబమంతటికీ కలిపి సాధారణంగా ఏడాదికి వంద యూరోల లోపే అవుతుంది. అక్కడి పౌర చట్టం 828వ సెక్షను ప్రకారం ఏడేళ్ళ లోపు పిల్లలపై నష్టపరిహార బాధ్యత లేదు. 832 ప్రకారం వాళ్ళను కనిపెట్టుకోవలసిన పెద్దలు ఆ పనిలో తప్పితే బాధ్యత పెద్దలది. పెద్దల తప్పూ లేకపోతే చట్టప్రకారం సాధారణంగా ఎవరూ ఇవ్వనక్కరలేదు. అయినా చిన్నపిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఏడేళ్ళ లోపు పిల్లలు చేసే నష్టాన్ని కూడా కలిపే పాలసీలు ఏరి మరీ తీసుకుంటారట. ఇవ్వనక్కరలేదని చట్టం చెప్పిన చోట కూడా, స్నేహితుల దగ్గర మాట పడకూడదని ముందే డబ్బు కట్టి ఉంచుకుంటున్నారన్నమాట. డబ్బు మాట ఎత్తితే బంధం చెడుతుందని మనం అంటాం. ఎత్తకపోవడం వల్లనే నా మనసు ఇప్పుడు ఇలా ఉంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇది నా వీణ కన్నా పెద్ద విషయం. మా అపార్టుమెంటులో ఒకరింట్లో బంధువుల అబ్బాయి బంతి విసిరి పెద్ద టీవీ తెర పగలగొట్టాడు. విరిగిన తెరకు వారంటీ వర్తించదు. తెర మారిస్తే దాదాపు కొత్త టీవీ ఖరీదు. వాళ్ళు బంధువులతో నవ్వుతూ "పోనీలెండి" అన్నారు. అదే ఇంట్లో పనిచేసే ఆవిడ, బడికి సెలవని కూతురిని వెంట తెచ్చుకుంది. ఆ పిల్ల చేతిలోంచి మిక్సీ జారు జారిపడి పగిలింది. నెలాఖరున తల్లి జీతంలోంచి 500 కోసేశారు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అన్నారా? ఆ పిల్ల కూడా పిల్లే కదా. ఫ్యాక్టరీ కార్మికుడి కూలిలోంచి నష్టం పేరిట కోయాలంటే తప్పు అతనిదై ఉండాలని, ముందు అతని మాట వినాలని 1936లోనే వేతనాల చెల్లింపు చట్టం చెప్పింది. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకు ఆ పాటి రక్షణ కూడా దక్కలేదు. ఇవ్వగలిగినవారి దగ్గర మొహమాటం, ఇవ్వలేనివారి దగ్గర కచ్చితం. దీన్ని మర్యాద అంటే నేను ఒప్పుకోను.

ఇంటివారికీ బాధ్యత లేదనను. పిల్లలు వస్తున్నారని తెలిసినప్పుడు గాజు సామాను, మందులు, కత్తులు పైకి ఎత్తిపెట్టాలి. మనమే "ఆడుకో నాన్నా" అని చేతికిచ్చిన వస్తువు విరిగితే ఆ నష్టం మనదే. పదేళ్ళ పాత టీవీకి కొత్తదాని ధర అడగడం అన్యాయం. స్తోమత లేనివారు వచ్చి బాధపడితే అక్కడితో వదిలేయాలి. వాళ్ళకు మన బిల్లు చూపించడం కన్నా పాపం లేదు.

నేను ఫొటోలు పంపితే గొల్లపల్లిలో ఒక పెద్దాయన చూశారు. మెట్లు మళ్ళీ మైనం పెట్టి కట్టవచ్చన్నారు. చీలికకు లోపలినుంచి ఆసరా పెట్టి అతికిస్తారట. "నాదం మునుపటిలా ఉంటుందని మాత్రం మాట ఇవ్వలేనమ్మా" అన్నారు. ఖర్చు 9,000 రూపాయలు.

నిన్న రాత్రి మరిదికి నేనే ఫోను చేశాను. ఖర్చు చెప్పాను. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. "అంత విలువైనదని తెలియదు వదినా" అన్నాడు. "పాతదని చెప్పాను, మీ ఆవిడ విన్నది" అన్నాను. "మొత్తం పంపిస్తాను" అన్నాడు. సగం చాలన్నాను. ఆ గదికి గడియ పెట్టవలసింది నేను. పెట్టలేదు. ఆ సగం నాది. ఆదివారం వీణ తీసుకుని గొల్లపల్లి వెళుతున్నాం, బాబును కూడా తీసుకుని రమ్మన్నాను. పనస దుంగ తొలుస్తుంటే వాడు పక్కన కూర్చుని చూడాలని నా కోరిక.

"ఇంట్లో అడిగి చెబుతాను వదినా" అన్నాడు. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులుంది.