టైరు గారి షష్టిపూర్తి

తిరుపతిలో మనిషి గురించి ఆరా తీయాలంటే ఒకప్పుడు ఊరు, ఇంటిపేరు, ఎవరి తాలూకు అని అడిగేవాళ్లు. పెద్ద బైకు కొన్నవాళ్ల మధ్య ఇప్పుడు వీటన్నిటికీ కలిపి ఒకటే ప్రశ్న: "టైరు ఎన్ని వచ్చిందన్నా?" ఎన్ని అంటే కిలోమీటర్లని వేరే చెప్పనక్కర్లేదు. 12 వేలంటే అయ్యో పాపమని చూస్తారు. 20 అంటే కుర్చీ వేస్తారు. 30 అన్నవాడి టీ డబ్బులు ఇంకొకరు ఇస్తారు. తడి రోడ్డు మీద బ్రేకు కొడితే ఎక్కడ ఆగింది, మలుపులో వంచితే ఎలా పట్టింది అని అడిగినవాడు మాత్రం అలిపిరికి ఇటువైపు ఇంకా పుట్టలేదు.

కాబట్టి 30 వేలు నిండిన ప్రతి స్పోర్ట్ టూరింగ్ టైరుకూ ఈ పుణ్యక్షేత్రంలో శాస్త్రోక్తంగా షష్టిపూర్తి జరిపించాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను.

షష్టిపూర్తికి ముందు జాతకం చూడాలి కదా. స్పోర్ట్ టూరింగ్ అన్న పేరులో రెండు మాటలున్నాయి. మనవాళ్లకు రెండోదే వినబడుతుంది, అదీ టూరింగ్ టాకీస్ లాగా, ఎన్నాళ్లయినా ఊళ్లు తిరుగుతూనే ఉంటుందన్న అర్థంలో. మలుపులో పట్టుకూ, దూరాల మన్నికకూ మధ్య ఈ టైరు పుట్టుకే ఒక రాజీ. తిన్నగా పోయేటప్పుడు నేలను తాకే నడుము భాగం గట్టి రబ్బరు, బండి వంగినప్పుడు తాకే పక్కలు మెత్తటి రబ్బరు. 2007లో వచ్చిన మిషెలిన్ కంపెనీ టైరు పైలట్ రోడ్ 2 ఈ రెండు రబ్బర్ల పద్ధతికి పేరు తెచ్చింది. కాంటినెంటల్ వాళ్లు ఒకే రబ్బరు తీసుకుని, ఉడికించడంలో తేడా పెట్టి అదే పని చేస్తారు. తడిలో పట్టు కోసం రబ్బరులో సిలికా పొడి కలుపుతారు. ఇంత చేసినా, బరువైన బండి మీద వెనక టైరు మామూలుగా ఇచ్చేది 10 నుంచి 15 వేల కిలోమీటర్లు, ముందుది ఇంకాస్త ఎక్కువ. పెట్టెలు నింపుకుని, వెనక మనిషిని ఎక్కించుకుని, సిగ్నల్ పడగానే ఎగిరే అలవాటుంటే 8 వేలకే సరి. 400 సీసీ లోపు తేలిక బండయితే 20 దగ్గరికి పోవచ్చు. వంద సీసీ బండి టైరు 30 వేలు వచ్చిందని వెయ్యి సీసీ దాన్నీ అంతే రమ్మనడం, ఎద్దు మోసింది కదా అని గుర్రాన్ని కాడికి కట్టడం.

ఇక సభ. ఆదివారం తెల్లవారి ఆరున్నర, చంద్రగిరి దారిలో టీ బంకు. బండి సెంటర్ స్టాండ్ మీద ఉంది. వెనక చక్రానికి చేమంతి దండ, మడ్‌గార్డు మీద శాలువా. అధ్యక్షుడు మూడు జతల టైర్లను నారపోగులు కనబడేదాకా తోలిన పెద్దమనిషి. ముఖ్య అతిథి పంక్చర్ షాపు మామ. ఆయనకంటే ఈ టైరును దగ్గరగా ఎరిగినవాళ్లు లేరు, లోపల ఆయన దూర్చిన స్ట్రిప్పులే ఏడు ఉన్నాయి. మొదట అధ్యక్షుడు వచ్చి టైరును బూటుకాలితో రెండు తన్నులు తన్నుతాడు. మన దగ్గర టైరుకు జరిగే ఏకైక వైద్య పరీక్ష అది. "గట్టిగానే ఉండాదబ్బా" అంటాడు. చప్పట్లు.

తర్వాత సన్మాన పత్రం చదువుతారు. "ఓ వృత్తాకార తపస్వీ! నీవు పుట్టినప్పుడు గుండ్రంగా ఉంటివి. చిత్తూరు రోడ్డు మీద తిన్నగా పోయి పోయి నేడు చపాతీ పీట వలె చదునైతివి. నీ గీతలు అరిగినవి, మా గీతలు మాత్రం అరగలేదు. నీవు మలుపును ద్వేషింతువు. మేము హ్యాండిల్ ఎంత నొక్కినా రానంటివి, వచ్చిన తర్వాత ఒక్కసారిగా పడితివి. అది నీ దోషము కాదు, రోడ్డుది." ఇక్కడ ఇద్దరు కళ్లు తుడుచుకుంటారు. వాళ్లిద్దరే పోయిన నెల భాకరాపేట ఘాట్‌లో జారినవాళ్లు, కారణం ఇసుక అని ఇప్పటికీ నమ్ముతున్నవాళ్లు.

పత్రంలో కవిత్వం పక్కన పెడితే విషయం సరైనదే. నడుము అరిగి చదునైన టైరుకు రెండు అంచులు లేస్తాయి. బండి వంచబోతే మొదట ఆ అంచు అడ్డం పడుతుంది, అది దాటగానే బండి మలుపులోకి దబ్బున దిగుతుంది. చాలామంది దీన్ని సస్పెన్షన్ జబ్బు అనుకుని మెకానిక్ దగ్గర పదివేలు వదిలించుకుని వస్తారు. కొత్త టైరు వేసిన రోజు "బండి మారిపోయిందన్నా!" అంటారు. బండి అదే నాయనా.

సభలో తదుపరి వక్త నైట్రోజన్ బావ. చక్రంలో నైట్రోజన్ ఎక్కిస్తే టైరు చల్లగా ఉండి ఐదువేలు ఎక్కువ వస్తుందని ఆయన సిద్ధాంతం. మనం ఊరికే పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉందన్న సంగతి ఆయన చెవిన ఎవరూ వేయకండి, పాపం, డబ్బు కట్టి వచ్చాడు. ఈయనే ఇంకో మాట కూడా చెబుతాడు, అది నవ్వి ఊరుకునేది కాదు: మే నెలలో టైరు పేలుతుంది కాబట్టి గాలి తగ్గించి పెట్టుకోవాలట. సరిగ్గా తలకిందులు. గాలి తక్కువైతే టైరు పక్కలు తిరిగిన ప్రతిసారీ ఎక్కువ వంగుతాయి. ఆ వంగడంలోంచే వేడి పుడుతుంది. మన ఎండకు రోడ్డే పెనంలా ఉంటే, లోపలి నుంచి ఇంకో పొయ్యి వెలిగించినట్టు. ముందు టైరు అలలు అలలుగా అరగడానికీ, హ్యాండిల్ బరువెక్కడానికీ ఇదొక కారణం. ఎంత గాలి అన్నది చైన్ పక్క స్టిక్కర్ మీదో, మాన్యువల్‌లోనో ఉంటుంది. పెద్ద స్పోర్ట్ టూరింగ్ బండ్లకు ముందు 36, వెనక 42 పాయింట్లు (పీఎస్‌ఐ) మామూలు. అదీ పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. రేణిగుంట దాకా తోలుకుపోయి అక్కడి బంకులో చూస్తే మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువుందని తీసేస్తారు. సాయంత్రం టైరు చల్లారాక తక్కువైపోతుంది. బంకు కుర్రాడు "ఎంత పెట్టమంటావన్నా?" అంటే "నీకు తెలుసుగా" అనేవాళ్లు ఈ జిల్లాలో కోకొల్లలు. వాడికి తెలిసిన అంకె ఒక్కటే, దాన్ని స్కూటీకీ పెడతాడు, మీ లక్షల బండికీ పెడతాడు.

ముప్పై వేలు పెట్టి సైలెన్సరు మార్చినవాడు ఐదారు వందల రూపాయల గాలి మీటరు కొనడు. శబ్దం వినబడుతుంది, గాలి కనబడదు.

వెడల్పు పిచ్చి వాళ్ల గురించి ఒక్క ముక్క. 150 మిల్లీమీటర్ల వెడల్పు టైరు వేయాల్సిన రిమ్ముకు లుక్కు కోసం 160, 170 ఎక్కిస్తారు. రిమ్ము నొక్కేసి టైరు నెత్తి కోసుగా లేస్తుంది, ఆకారం చెడుతుంది, బండి మలుపు తిరగడానికి బద్ధకిస్తుంది, కొన్నిట్లో చైన్‌కు రాసుకుంటుంది. ఫోటో బాగా వస్తుంది. అంతే.

పిరెల్లీ వాళ్లు ఏంజెల్ ఎస్‌టీ అని ఒక టైరు తెచ్చారు, 2009లో. కొత్తలో దాని మీద దేవత బొమ్మ ఉంటుంది, సుమారు వెయ్యి కిలోమీటర్లు అరిగాక అదే రాక్షసి బొమ్మ అవుతుంది. మన షష్టిపూర్తి టైర్ల మీద దేవతా అరిగిపోయింది, రాక్షసీ అరిగిపోయింది, అడుగునున్న తీగలు బయటికొచ్చి దర్శనమిస్తున్నాయి. ఇంకొంచెం తోలితే లోపలి గాలి కూడా కనబడుతుంది.

అరుగుదలకు కొలత లేక కాదు. గీత లోపల అడ్డంగా చిన్న దిమ్మె ఉంటుంది, టైరు పక్కన టీడబ్ల్యూఐ అనే అక్షరాలో, చిన్న త్రికోణమో దాని జాడ చెబుతాయి. రబ్బరు ఆ దిమ్మెతో సమానమైతే, అంటే సుమారు 0.8 మిల్లీమీటరుకు దిగితే, టైరు కథ ముగిసినట్టే. కానీ తడిలో పట్టు అంతదాకా ఆగదు. కొత్తలో వెనక టైరు నడుమ లోతు 6 మిల్లీమీటర్లు అటూఇటూ ఉంటుంది, 2కు దిగేసరికే నీళ్లను పక్కకు నెట్టే చోటు కరువవుతుంది. అందుకే మంచి కంపెనీలు అరిగేకొద్దీ గీత అడుగున వెడల్పయ్యేలా అచ్చులు చేస్తున్నాయి. మిషెలిన్ రోడ్ 5 టైరు 5,000 కిలోమీటర్లు తిరిగాక కూడా తడిలో, దాని ముందు తరం పైలట్ రోడ్ 4 కొత్తగా ఉన్నప్పుడు ఆగినంత దూరంలోనే ఆగుతుందని ఆ కంపెనీ ప్రకటించుకుంది. లోకంలో కంపెనీలు పోటీపడేది ఎక్కడ ఆగుతుందన్న దాని మీద. మనం పోటీపడేది ఎక్కడిదాకా పోతుందన్న దాని మీద. శ్రీసిటీ పక్కన చిన్నపండూరులో 2020 నుంచి అపోలో వాళ్లు టైర్లు దించుతున్నారు, మదనపాలెంలో హీరో వాళ్లు బండ్లే దించుతున్నారు. అలాంటి గడ్డ మీద నిలబడి మనం గుండు టైరుకు దండలేస్తున్నాం.

నవంబరు వానలు పట్టాయనుకోండి. తిరుమల ఘాట్ దిగే దారి, 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు. ఒకదాని వెనక ఒకటి వెంట్రుకపిన్ను మలుపులు, చెట్ల నీడన ఆరని రోడ్డు, ముందు పోయిన బస్సు వదిలిన డీజిల్ చుక్క. కిందికి మరీ త్వరగా వస్తే చెక్‌పోస్టులో టైము చూసి ఎందుకని అడుగుతారు. టైరు ఎవరు చూస్తారు? ఆ చపాతీ పీట మీద వెనక భార్య కూర్చుని ఉంటుంది, ఒళ్లో ప్రసాదం సంచి, ఇద్దరి మధ్యలో నాలుగేళ్ల పిల్ల. ఆమెను అడిగావా? 31 వేలు తిరిగిన టైరు మీద కూర్చోబెడుతున్నానని ఆమెతో ఒక్కసారైనా చెప్పావా? నీ రికార్డులో ఆ పిల్లకు వాటా ఉందా? కొత్త బండికి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించావు, కర్పూరం ఇచ్చావు, గుమ్మడికాయ కొట్టావు. ఆ పిల్లకు కావాల్సింది నిమ్మకాయ కాదురా, నాలుగు మిల్లీమీటర్ల రబ్బరు! వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ లాగితే నీకు మిగిలేది ఎంత? 15 వేల టైరు 15 వేలు వస్తే కిలోమీటరుకు రూపాయి. వెయ్యి రూపాయలు. దానికా?

మన్నించాలి, సభ మధ్యలో ఉంది.

వందన సమర్పణ తర్వాత టైరు విప్పుతారు. కొత్తది ఎక్కించే వైభోగం చెబితే తెల్లారుతుంది. గునపం లాంటి ఇనుప పట్టీతో రిమ్ము అంచు గీకడం, తిరిగే దిక్కు చూపే బాణం గుర్తును తలకిందులు చేయడం, బ్యాలెన్సింగ్ అడిగితే "బైకుకు ఏంటికన్నా?" అనడం, అన్నీ ఉంటాయి. పక్క గోడ మీద చివరి నాలుగంకెలు చూడమని మాత్రం ఎవరూ చెప్పరు. 1419 అంటే 2019లో 14వ వారం పుట్టిందని. "కొత్త సరుకేన్నా, ప్లాస్టిక్ కూడా తీయలేదు" అంటాడు షాపతను. ప్లాస్టిక్ చుట్టినా రబ్బరుకు వయసు ఆగదు. ఐదేళ్లు దాటితే ఏటా చూపించుకోవాలనీ, పదేళ్లకు గీతలున్నా సరే మార్చేయాలనీ మిషెలిన్ లాంటివాళ్లే చెబుతారు. కొత్త టైరుతో మొదటి 150 కిలోమీటర్లు వంచకుండా నెమ్మదిగా తోలమని చెప్పాల్సినవాడు అప్పటికే ఇంకో బండి దగ్గరున్నాడు.

సన్మానం అందుకున్న పాత టైరు ఎక్కడికి పోయింది? భోగి మంటలోకి కాదు. షాపు వెనక వేడి బ్లేడుతో దాని మీద కొత్త గీతలు కోశారు. ఉన్న కాస్త రబ్బరులోకే, తీగల దాకా. పైన నల్ల పాలిష్. సోమవారం సాయంత్రం కాలేజీ కుర్రాడొకడు దాన్ని గోరుతో గీకి చూస్తున్నాడు. పక్కన నిలబడ్డ ముఖ్య అతిథి గొంతు తగ్గించి అంటున్నాడు: "పన్నెండు వందలు ఇయ్యి తమ్ముడూ, తొంభై శాతం ఉండాది. ఇంకా పదివేలు యాడికీ పోదు."