పాముకు కంటి చుక్కలు

మా మేనల్లుడు పది రోజుల పనిమీద ఢిల్లీ పోతూ, హనుమకొండలో మా ఇంట్లో ఒక గాజు పెట్టె దించిపోయాడు. అందులో మూడున్నర అడుగుల బాల్ పైథాన్ అనే కొండచిలువ. పేరు బుజ్జి. "మామా, నీకంటే సాధువు ఇది" అన్నాడు. పోల్చడానికి ఇంకెవరూ దొరకలేదు కాబోలు.

నాగుపామునో జెర్రిపోతునో ఇంట్లో పెంచితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసే. ఇది ఆఫ్రికా జాతి, కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించిన కాగితాలున్నాయి. నాకు ఆ కాగితాలే ధైర్యం. అవసరమైతే పాముకే చూపిద్దామన్నట్టు పెట్టె పక్కనే పెట్టుకున్నాను.

నిజంగానే సాధువు. అడవిలో పట్టి తెచ్చినదాని కంటే, పెట్టెలో పుట్టి పెరిగింది మనిషి చేతికి తొందరగా అలవాటు పడుతుందట. భయమేస్తే తల లోపలికి దోపుకుని బంతిలా చుట్టుకుంటుంది. నాలుగో రోజు నా మోచేతి మీద మెల్లగా పాకుతూ నాలుక ఆడిస్తుంటే, నన్ను గుర్తుపట్టిందని తెగ మురిసిపోయాను. పక్కింటి పెద్దమ్మ గ్లాసెడు పాలు తెచ్చింది. పాము పాలు తాగదమ్మా అంటే, "అయితే నువ్వు తాగు బిడ్డా, భయపడ్డట్టున్నవ్" అని నా చేతిలో పెట్టింది.

ఆరో రోజు చూస్తే బుజ్జి కళ్లు నీలంగా, మబ్బు పట్టినట్టున్నాయి. ఒంటి మీద నిగారింపు లేదు. మా మామగారికి శుక్లాల ఆపరేషన్ అయి నెల కాలేదు. అంతకుముందు ఆయన కళ్లూ అచ్చం ఇట్లనే ఉండేవి. ఇంకేం, జబ్బు తెలిసిపోయింది. మందు కూడా ఫ్రిజ్ తలుపులో నిమ్మకాయ పచ్చడి పక్కన సిద్ధంగా ఉంది.

మూత తీసి పైనుంచి చెయ్యి దించాను. మెడ మెలితిప్పి బుస్సుమంది. "చల్లగా ఉంటది, ఓర్చుకో" అన్నాను. రెప్పపాటులో బొటనవేలు పట్టి, వదిలేసి, మూలకు పోయి బంతైంది. వేలి మీద సూదితో గుచ్చినట్టు సన్నటి రక్తపు చుక్కలు. మందు చుక్కలన్నీ నా లుంగీ మీద.

దవాఖానలో ఏం కరిచిందని అడిగారు. "కొండచిలువ" అన్నాను. కంపౌండర్ నన్ను కిందికీ మీదికీ చూసి, "మరి మీరు మొత్తం ఉన్నరు గదా సార్!" అన్నాడు. విషం లేని జాతే కాబట్టి గాయం కడిగి, టీటీ పొడిచి పంపించారు.

మేనల్లుడు ఫోన్లో నెత్తి కొట్టుకున్నాడు. "దానికి రెప్పలే ఉండవు మామా. కంటి మీద అద్దం లాంటి పొలుసు ఉంటది. కుబుసం విడిచే ముందు దాని కింద నీరు చేరి మసకబారుతది. చూపు ఆనదు, చిరాకుగా ఉంటది, అప్పుడు ముట్టుకోవద్దు. మామూలప్పుడైనా పక్కనుంచే చెయ్యి పెట్టాలె. పైనుంచి పెడితే గద్ద అనుకుంటది. నీకిచ్చిన జాగ్రత్తల కాగితం రెండో పేజీల రాసిన కదా!"

నేను మొదటి పేజీయే చదివాను.

"మరి నన్ను గుర్తుపట్టిందనుకున్నా?"

"ప్రేమా లేదు, పగా లేదు మామా. దానికి నువ్వు జర వెచ్చగున్న చెట్టుకొమ్మవి, అంతే."

వారం తిరగకముందే కుబుసం విడిచింది, ముక్కు నుంచి తోక దాకా ఒకటే తొడుగు, కంటి పొలుసులతో సహా. ఇప్పుడు బుజ్జి మళ్లీ సాధువే. మామగారు మాత్రం చుక్కలు వేస్తానంటే నా చేతికి కన్ను ఇవ్వడం లేదు, పక్కనుంచే వస్తానని ఎంత చెప్పినా.