తుప్పు పూసినంత మాత్రాన ట్యాంకు మోడల్ నిజమైపోదు

ట్యాంకు మోడళ్ళు చేసేవాళ్ళ మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. కిట్ (ముక్కలు అతికించి మోడల్ చేసుకునే పెట్టె) ఏదైనా సరే, అంచులన్నిటికీ వెండిరంగు గీతలు పెట్టాలట, పక్కలకి తుప్పు చారలు దించాలట, ట్రాకులకి (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీలకి) స్టీలు రంగు కొట్టి కిందికి వేలాడదీయాలట, ఒళ్ళంతా బురద పూయాలట, అప్పుడే అది యుద్ధం చూసిన బండిలా ఉంటుందట. పైగా ఇదంతా ఎయిర్ బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) లేకుండా కుదరదని కూడా చెప్తున్నారు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు దీన్నే నమ్మి మంచి కిట్లు పాడుచేసుకుంటున్నారు కాబట్టి ఒక్కొక్కటే చూద్దాం. రెండో ప్రపంచ యుద్ధపు ట్యాంకుల సంగతి వేరు, నేను చెప్పేది అమెరికా అబ్రమ్స్, రష్యా టి-72, టి-90 లాంటి ఇప్పటి బండ్ల గురించి.

మొదట వెండి గీతలు. ట్యాంకు మీద రంగు లేచిపోతే వెంటనే తళతళలాడే లోహం కనపడదు. కింద పాత రంగు ఉంటుంది, లేదా ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) ఉంటుంది, అవీ పోతే ముదురు ఉక్కు. 1991 గల్ఫ్ యుద్ధానికి జర్మనీ నుంచి వెళ్ళిన ఎం1ఎ1 అబ్రమ్స్‌లలో చాలావాటికి పచ్చ, గోధుమ, నలుపు కలిసిన నేటో రంగుల మీదే సౌదీలో ఇసుకరంగు కొట్టారు. అలాంటి బండి చేస్తుంటే పెచ్చు ఊడిన చోట కనపడాల్సింది కిందున్న ఆ మూడు రంగుల్లో ఒకటి. అది కూడా హ్యాచ్ (మనుషులు దిగే మూత) చుట్టూ, బూటు కాలు పడే చోట, పనిముట్లు తీసి పెట్టే చోట మాత్రమే. ఇంకో లెక్క చూడండి: 1/35 మోడల్ (అసలు బండిలో ముప్పై అయిదో వంతు సైజు) మీద ఒక మిల్లీమీటరు వెడల్పు గీత అంటే అసలు బండి మీద మూడున్నర సెంటీమీటర్ల గాయం. స్పాంజి ముక్కని రంగులో అద్ది, కాగితం మీద దాదాపు మొత్తం తుడిచేశాక అక్కడక్కడ తాకించండి, సరిపోతుంది.

తుప్పు చారల విషయానికొస్తే, సైనికుల్ని మోసే ఎం113 బండి ఒళ్ళు అల్యూమినియం. దాని పక్కల మీద ఎర్ర తుప్పు కారుతున్నట్టు వేసిన మోడళ్ళకి వందల లైకులు వస్తుంటే నిజంగా బాధేస్తుంది. ఉక్కు ట్యాంకులనైనా సైన్యం వాడుతున్నన్నాళ్ళూ మళ్ళీ మళ్ళీ రంగు వేస్తూనే ఉంటుంది. తుప్పుకి చోటు లేదని కాదు, విడి ట్రాకు లింకుల మీద, లాగే తాళ్ళ కొసల దగ్గర వేసుకోండి. పొగగొట్టం సంగతి మాత్రం బండిని బట్టి చూసుకోవాలి. అబ్రమ్స్‌ది గ్యాస్ టర్బైన్, వేడిగాలి వెనక జాలీలోంచి పోతుంది, తుప్పు పూయడానికి సైలెన్సర్ గొట్టమే ఉండదు. టి-72, టి-90లకి ఎగ్జాస్ట్ ఎడమ పక్కన వెనకవైపు ఉంటుంది, మసి అక్కడే పట్టాలి, రెండు పక్కలా కాదు.

ట్రాకుల దగ్గర ఇంకా ఘోరం. అబ్రమ్స్ ట్రాకులో నేలకి తగిలేది రబ్బరు ప్యాడ్. దాని మీద స్టీలు రంగుతో డ్రై బ్రష్ చేస్తే (దాదాపు ఆరిన కుంచెతో పైపైన రుద్దితే) ఆ బండి గురించి ఏమీ చూడలేదని తెలిసిపోతుంది. ప్యాడ్‌కి మాసిన ముదురు బూడిదరంగు వేయండి, మెరుపు ఇవ్వాల్సింది చక్రాల మధ్య రాసుకునే పళ్ళకి, లింకుల చివరి కనెక్టర్లకి. టి-72, టి-90ల కథ వేరు, వాటికి నేలని తొక్కేది ఉక్కే కాబట్టి ఆ గట్లు అరిగి మెరుస్తాయి. వేలాడటమూ అంతే. ట్రాకుని పైన మోసే రోలర్లే లేని పాత సోవియట్ ట్యాంకు టి-55కి ట్రాకు చక్రాల మీద వాలి ఉంటుంది, అబ్రమ్స్‌ది బిగువుగా ఉంటుంది. అయినా చాలా ఆధునిక ట్యాంకులకి ట్రాకు పైభాగం స్కర్టుల (పక్కన వేలాడే రక్షణ పలకల) వెనక దాగిపోతుంది, కనపడనిదాని కోసం అంత టెన్షన్ ఎందుకు?

బురద వేయొద్దని నేను అనను. ఎక్కడి బురదో తెలిసి వేయమంటాను. మూడు మిల్లీమీటర్ల ముద్ద అంటే అసలు బండి మీద పది సెంటీమీటర్ల మందం, అది చక్రాల వెనక, పొట్ట కింద నిలుస్తుందేమో గానీ టరెట్ (ఫిరంగి ఉండి పైన తిరిగే భాగం) మీద నిలవదు. మన భీష్మని (మన సైన్యం వాడే టి-90ఎస్‌ని) రాజస్థాన్ ఎడారిలో చూపించాలంటే కావాల్సింది దుమ్ము: సమతలంగా ఉన్న చోట్ల పలచగా పిగ్మెంట్ పొడి, మనుషులు ఎక్కి దిగే దారిలో తుడుచుకుపోయినట్టు. అన్నట్టు, దుమ్ము కన్నా ముందు టరెట్ చూసుకోండి. రష్యా టి-90ఎ కిట్‌లో ఫిరంగికి రెండు పక్కలా ఎర్రకళ్ళలా వచ్చే ష్తోరా (క్షిపణుల గురి తప్పించే) దీపాలు మన టి-90ఎస్‌కి ఉండవు. వాటిని అలాగే వదిలేసి ఎంత మంచి రాజస్థాన్ దుమ్ము చల్లినా అది భీష్మ కాదు.

ఇక ఎయిర్ బ్రష్. ఉంటే మంచిదే, నేటో రంగుల అంచులు మెత్తగా కలపడానికి బాగా పనికొస్తుంది. కానీ ఒకే రంగు బండికి మంచి చదును కుంచె, పలచగా కలిపిన వల్లేజో కంపెనీ రంగు, ఓపిగ్గా వేసిన మూడు నాలుగు పొరలు చాలు. టమియా కంపెనీ ఆక్రిలిక్ రంగుతో మాత్రం జాగ్రత్త, కింది పొర పూర్తిగా ఆరకముందే రెండో పొర వేస్తే కుంచె దాన్ని లేపేస్తుంది. డబ్బా స్ప్రేతో మ్యాట్ వార్నిష్ (మెరుపు లేని చివరి పూత) కొట్టేవాళ్ళు, ముఖ్యంగా విశాఖ, కాకినాడ వైపు ఉండేవాళ్ళు, వాన పడే రోజు ఆ పని పెట్టుకోకండి. గాలిలో తేమ ఎక్కువైతే పూతంతా తెల్లగా మసకబారుతుంది. ఎండ కాసిన రోజు దాకా ఆగి, ముందు పాత ప్లాస్టిక్ ముక్క మీద కొట్టి చూడండి.