కాలిన ఇంటికి వెలిసిన రంగు

ఇంగ్లండ్‌లో సౌత్ డౌన్స్ కొండల మీదున్న అప్‌పార్క్ భవనం 1989 ఆగస్టు 30న తగలబడింది. పైకప్పు సీసపు రేకుల మరమ్మతు ముగింపుకొచ్చిన సమయంలో పనివాళ్ల బ్లోటార్చ్ (మంట చిమ్మే పనిముట్టు) వేడికే నిప్పంటుకుంది. బాగు చేయబోతే ఉన్నది కాస్తా కాలింది! పై అంతస్తు పోయినా కింది గదుల్లోని పటాలు, కుర్చీలు, తివాచీలు చాలావరకు మనుషులు బారులు తీరి చేతులు మార్చుకుంటూ బయటికి చేర్చారు.

శిథిలంగానే వదిలేయమన్నవాళ్లు లేకపోలేదు. పాత భవనాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ మాత్రం ప్రమాదానికి ముందురోజు ఇల్లెలా ఉందో అలాగే నిలబెట్టాలనుకుంది. చిక్కంతా అక్కడే. ముందురోజు ఉన్నది 17వ శతాబ్దం చివర కట్టినప్పటి మెరుపు కాదు, తరాల ఎండకు వెలిసిన రంగు. కొత్త పనికి ఆ వెలిసిన ఛాయను చేత్తో తెప్పించాలి. ఇది మోసం కాదా అంటే, కొంత మోసమే. అయినా నాకు అభ్యంతరం లేదు. ఆ ఇల్లు ముందునుంచీ మరమ్మతుల మీదే బతికింది. 1930లలో ఇంటావిడ లేడీ మీడ్-ఫెదర్‌స్టన్‌హా, చీకిపోయిన పాత పరదాలను సపోనారియా అనే మొక్కతో శుభ్రం చేసి (మన కుంకుడుకాయలాగే నురగనిస్తుంది), ఓపిగ్గా కుట్టుకుంటూ వచ్చింది. అగ్నిప్రమాదం తర్వాత జరిగింది ఆవిడ పనికి కొనసాగింపే. సున్నపు గచ్చును చేత్తో మలిచి పైకప్పుకు లతలు అల్లే విద్య దాదాపు మరుగున పడిపోయింది. దాన్ని పనివాళ్లు ఇక్కడే మళ్లీ నేర్చుకున్నారు. 1995లో ఇల్లు తెరుచుకుంది.

ఇంగ్లండ్‌లోనే సర్రేలో ఉన్న మరో పాత భవనం క్లాండన్ పార్క్ 2015 ఏప్రిల్‌లో కాలింది. కొన్ని గదులు పునరుద్ధరిస్తామన్న అదే ట్రస్ట్, 2022లో మాట మార్చి, కాలిన గోడలను అలాగే ఉంచి చూపిస్తామంది. విమర్శలు గట్టిగానే వచ్చాయి. నన్నడిగితే ఇందులో రెండు నాల్కల ధోరణి లేదు. అప్‌పార్క్‌లో గదులు లేచేసరికి వాటి సామాను బయట ఎదురుచూస్తోంది. క్లాండన్‌లో ఒక్క గది తప్ప లోపల మిగిలిందే తక్కువ. గది కడితే అందులో ఏం పెడతారు?

అప్‌పార్క్ తోటకు మాత్రం ఈ తగువు లేదు. 1810లలో తోటల రూపకర్త హంఫ్రీ రెప్టన్ దిద్దిన తీరుకు దగ్గరగా మొక్కలు నాటితే సరి. వాటికి వెలిసిన రంగు వేయమని ఎవరూ అడగరు.