కుక్కల వెనక ఎవరూ లేరు

వీధికుక్కల మీద చర్చ ఎక్కడ మొదలైనా కాసేపటికి కుక్కలు పక్కకు పోయి, "దీని వెనక ఎవరున్నారో తెలుసా?" అనే ప్రశ్న వచ్చి కూర్చుంటోంది. రేబిస్ టీకా కంపెనీలట. విదేశీ నిధులట. పట్నంలో పట్టిన కుక్కలను రాత్రికి రాత్రి లారీల్లో తెచ్చి పల్లెల్లో దింపే ముఠాలట. చాన్నాళ్లు ఇవి విని ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోలేకపోతున్నాను, ఎందుకంటే ఈ మాటలు నమ్మినవాళ్లు కుక్కల్ని చంపడాన్ని తప్పుగా చూడటం మానేశారు. ఏదో పెద్ద కుట్రను ఎదిరిస్తున్నామన్న ధైర్యంతో చంపుతున్నారు, చంపినవాళ్లను మెచ్చుకుంటున్నారు.

తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు ముగిసిన కొద్ది వారాలకే, 2026 జనవరిలో, హనుమకొండ, కామారెడ్డి జిల్లాల పల్లెల్లో వందల కుక్కలకు విషపు ఇంజెక్షన్లు ఇచ్చి చంపారని ఫిర్యాదులు వచ్చాయి. పోలీసులు కేసులు పెట్టారు. ఆ కేసుల్లో కొత్తగా గెలిచిన సర్పంచులూ ఉన్నారు. కుక్కల బెడద, కోతుల బెడద లేకుండా చేస్తామన్నది ఆ ఎన్నికల్లో చాలా ఊళ్లలో వినిపించిన హామీ. అంతకు ముందు 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో ముసుగులు వేసుకుని వచ్చినవాళ్లు 20 కుక్కలను తుపాకీతో కాల్చి చంపి వెళ్లిపోయారు. ఈ వార్తల కింద కామెంట్లు చదవండి. "మంచి పని చేశారు" అన్నవాళ్లు ఎంతమందో, "టీకా మాఫియాకు గట్టి దెబ్బ" అన్నవాళ్లు కూడా అంతేమంది కనిపిస్తారు.

కుక్కలంటే భయపడేవాళ్ల భయాన్ని నేను తక్కువ చేయను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు చుట్టుముట్టి చంపిన సీసీటీవీ దృశ్యాలు చూసినవాళ్లెవరూ వాటిని మర్చిపోలేరు. ఆ బాబు తండ్రి సెక్యూరిటీ గార్డు, డ్యూటీకి వెళ్తూ పిల్లాణ్ని వెంట తీసుకెళ్లాడు. 2024 జులైలో జవహర్‌నగర్‌లో ఏడాదిన్నర పసివాడు అలాగే పోయాడు. ఆ ఇళ్లకు వెళ్లి జీవకారుణ్యం గురించి ఉపన్యాసం ఇచ్చే హక్కు ఎవరికీ లేదు. కరిచే కుక్క ఉండకూడదు. పిల్లలు వీధిలో ఆడుకోవాలి. అది ఎలా సాధ్యమవుతుందన్న దగ్గరే మనం వేరే దారి పట్టిపోతున్నాం.

ముందు టీకా కంపెనీల సంగతి. కుక్కలు కరవకపోతే రేబిస్ టీకాలు అమ్ముడుపోవు కాబట్టి కంపెనీలే జంతు ప్రేమికులకు డబ్బులిచ్చి కుక్కల్ని కాపాడిస్తున్నాయన్నది కథ. మా కాలనీ గ్రూపులో దీన్ని ఒక పెద్దాయన పంపితే, కింద ఇంకొకాయన నన్ను ఉద్దేశించి "మీకెంత ముడుతోంది మేడం?" అని అడిగారు. నాలుగు కుక్కలకు ఇంత అన్నం పెట్టి, వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడానికి సెలవు పెట్టి ఆటోలో తిరిగే మనిషిని అడగాల్సిన ప్రశ్న అదేనా?

సరే, ఆ కథనే కాసేపు నిజమనుకుని చూద్దాం. మన దేశంలో రేబిస్ టీకా అనగానే వినిపించే అభయ్‌రాబ్ తయారు చేసేది ఇండియన్ ఇమ్యునోలాజికల్స్, అదీ మన హైదరాబాద్‌లోనే. 1982లో జాతీయ పాడి అభివృద్ధి మండలి పెట్టిన సంస్థ అది. ఇప్పటికీ ఆ మండలికి అనుబంధంగానే ఉంది. అదే సంస్థ కుక్కలకు వేసే టీకా కూడా తయారు చేస్తుంది. కుక్క కరిచినవాళ్లకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా ఉచితం. ఆ టీకాలను ప్రభుత్వాలు టెండర్లు పిలిచి కొంటాయి. ఇక జంతు సంస్థలు అడుగుతున్నది ఏమిటి? కుక్కలకు సంతానం కలగకుండా ఆపరేషన్ చేయమని, రేబిస్ రాకుండా టీకా వేయమని. ఈ రెండూ జరిగితే కుక్కలు తగ్గుతాయి, కాట్లు తగ్గుతాయి, మనుషులకు వేసే టీకాల అవసరమూ తగ్గుతుంది. కాట్లు పెరగాలని కోరుకునే కంపెనీ తన వ్యాపారాన్ని తగ్గించే పనికే డబ్బులు పోస్తుందా?

విదేశీ నిధుల మాట ఇంకా తేలిక. విదేశాల నుంచి విరాళం తీసుకునే ఏ సంస్థ అయినా కేంద్ర హోం శాఖకు ఏటా లెక్కలు చెప్పాలి. అనుమానం ఉన్నవాళ్లు ఆ లెక్కలు తీసి చూపించాలి. చూపించకుండా "అందరికీ తెలుసు" అంటే ఎలా?

రాత్రి లారీల సంగతి వీటిలా కాదు. ఒకచోట పట్టిన కుక్కల్ని ఇంకోచోట వదిలేయడం జరగదని నేను అనను. అపార్ట్‌మెంట్లవాళ్లు డబ్బులిచ్చి పట్టిస్తారు, పట్టినవాళ్లు ఊరి పొలిమేర దాటించి వదిలేస్తారు. తెల్లారేసరికి కొత్త కుక్కలు వచ్చి పడితే ఆ ఊరివాళ్లకు కోపం రావడం న్యాయమే. కానీ అందులో రహస్య పథకం ఏముంది? ఒక కాలనీ తన గోలను పక్క ఊరి మీదకు తోసేసింది, అంతే. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పట్టిన చోటే వదలాలి కాబట్టి అది నిబంధనల ఉల్లంఘన. బండి నంబరు రాసుకుని ఫిర్యాదు చేయొచ్చు. "ముఠా" అనుకున్నప్పుడు మాత్రం ఆ నంబరు ఎవరూ రాసుకోరు. ఊళ్లో ఉన్న కుక్కలన్నిటి మీదా కక్ష తీర్చుకుంటారు.

ఇది ఎంత దూరం పోతుందో మనకు తెలియంది కాదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకారు పుడితే, మన రాష్ట్రాల్లోనే అమాయకులను కొట్టి చంపారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణం పోయింది. మనుషుల విషయంలోనే గుంపు ఆగి ఆలోచించలేదు. ఇక నోరులేని కుక్క దగ్గర ఆగుతుందా?

చంపితే సమస్య తీరుతుందనేవాళ్లు ఒక్కసారి మద్రాసు చరిత్ర చూడాలి. అక్కడి కార్పొరేషన్ 1860 ప్రాంతంలోనే వీధికుక్కలను చంపడం మొదలుపెట్టింది. 1996 నాటికి రోజుకు 135 దాకా చంపుతున్నారు. నూట ముప్పై ఏళ్లకు పైగా చంపినా కుక్కలూ తగ్గలేదు, రేబిసూ తగ్గలేదు. బ్లూ క్రాస్ అనే జంతు సంక్షేమ సంస్థ 1964 నుంచీ చెబుతూ వచ్చిన ఆపరేషన్ల పద్ధతికి ఆ కార్పొరేషన్ చివరికి 1996లో దిగివచ్చింది. ఆ తర్వాత 2001లో కేంద్రం దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది. అంటే మనం ఇప్పుడు కొత్తగా కనిపెట్టినట్టు చేస్తున్న పని, మనకంటే ముందువాళ్లు తరాల తరబడి చేసి, ఫలితం లేక వదిలేసిన పని.

ఎందుకు తగ్గలేదో వీధిని గమనించేవాళ్లకు అర్థమవుతుంది. విషం ఇవ్వడానికి వచ్చిన మనిషి దగ్గరకు ముందు వచ్చేది ఏ కుక్క? మనుషులను నమ్మే కుక్క. చేత్తో తినిపించిన కుక్క, ఎవరో ఒకరు పట్టుకుని టీకా వేయించిన కుక్క, ఆపరేషన్ అయినట్టు చెవికి గాటు ఉన్న కుక్క. పిలిస్తే తోక ఊపుకుంటూ వస్తుంది, చచ్చిపోతుంది. మనిషిని చూస్తే పారిపోయే బెదురు కుక్క, టీకా లేనిది, ఆపరేషన్ కానిది, తప్పించుకుంటుంది. ఆడకుక్క ఏడాదికి రెండుసార్లు ఈనగలదు, ఈతకు నాలుగైదు పిల్లలు మామూలే. చెత్త అలాగే ఉంటుంది కాబట్టి తిండికి లోటు లేదు, పక్క వీధి కుక్కలు కూడా ఖాళీ అయిన చోటికి వచ్చి చేరతాయి. చంపిన ఊరు తనకు ఉన్న కాస్త రక్షణనూ చేతులారా పోగొట్టుకుని, టీకా లేని కుక్కలను తెచ్చిపెట్టుకుంటోంది. రేబిస్ అదుపులో ఉండాలంటే వంద కుక్కల్లో కనీసం డెబ్బైకి టీకా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ డెబ్బైలో ఉన్నవాటినే మనం ముందు చంపుతున్నాం.

చంపే తీరు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే "నొప్పి లేకుండా పోతాయిలే" అని కొందరు తమకు తాము సర్దిచెప్పుకుంటున్నారు. పురుగుమందు కలిపిన మాంసం తిన్న కుక్క వెంటనే పోదు. నురగ కక్కుతూ, కాళ్లు కొట్టుకుంటూ, తనకు అన్నం పెట్టే ఇంటి గడప దాకా ఈడ్చుకుంటూ వస్తుంది. మిగిలిన ముక్కలు పిల్లులు, కాకులు తింటాయి. వీధిలో పసిపిల్లల చేతికీ అందుతాయి. పిల్లల కోసమే చేశామనేవాళ్లకు ఈ ఆలోచన ఎందుకు రాలేదు?

గోవాలో ఏం చేశారో చూడండి. ఏటా దాదాపు లక్ష కుక్కలకు టీకాలు వేశారు, ఇంటింటికీ తిరిగి, వలలు పట్టుకుని వీధి వీధికీ తిరిగి. బడి పిల్లలకు కుక్కలతో ఎలా మెలగాలో నేర్పారు. 2018, 2019ల్లో అక్కడ ఒక్క మనిషి కూడా రేబిస్‌తో చనిపోలేదు. 2021లో రాష్ట్రాన్ని రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించుకున్నారు. గోవా చిన్న రాష్ట్రం అంటారా? తెలంగాణలో చాలా జిల్లాలు అంతకంటే చిన్నవే, జిల్లాకు ఒక గోవా అనుకుని చేయమనండి.

ఈ పని ఎవరిదో దాచిపెట్టిన రహస్యం కాదు. మున్సిపాలిటీది, పంచాయతీది. నిబంధనల్లో స్పష్టంగా రాసి ఉంది. రేబిస్ ఉందని అనుమానమున్న కుక్కను విడిగా ఉంచాలని, నయం కాని జబ్బుతో ఉన్నదాన్ని పశువైద్యుడు మాత్రమే నొప్పి తెలియకుండా చంపవచ్చని కూడా ఉంది. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న ఢిల్లీ కుక్కలను షెల్టర్లకు తరలించమంది, 22న దాన్ని మార్చి, ఆపరేషన్, టీకా చేసి తిరిగి వదలమంది, రేబిస్ ఉన్నవాటిని, దూకుడుగా ఉన్నవాటిని తప్ప. నవంబర్ 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి తొలగించి షెల్టర్లలో పెట్టమంది. వీటిలో ఏ ఒక్కటీ చంపమనలేదు. "సుప్రీంకోర్టే చెప్పింది కదా" అంటూ విషం సీసా పట్టుకున్నవాళ్లు ఆ ఉత్తర్వులు చదివారా?

ఇక చెత్త. నాకు అన్నిటికంటే కోపం వచ్చేది ఇక్కడే. ఆదివారం సాయంత్రం ఏ ఊరి చివరకైనా వెళ్లండి. చికెన్ సెంటర్ల వ్యర్థాలు సంచుల్లో కట్టి కాలువ గట్టు మీద పడేసి ఉంటాయి. ఫంక్షన్ హాల్ వెనక మిగిలిన బిర్యానీ గుట్టగా ఉంటుంది. పల్లెకు ట్రాక్టర్ ఉంది, డంపింగ్ యార్డు ఉంది, అయినా చెత్త మాత్రం రోడ్డు పక్కనే ఉంటుంది. అక్కడ తిని గుంపులు కట్టిన కుక్కలే రాత్రి బైకుల వెంట పడతాయి. ఆ సంచి పడేసింది మన ఊరి షాపు ఓనరే, కొన్నది మనమే, చూసీ చూడనట్టు వదిలేసింది మనం గెలిపించిన వార్డు సభ్యుడే. వీళ్లను నిలదీస్తే రేపు ముఖం చూసుకోవాలి, మాట పడాలి. ఎక్కడో ఉన్న కంపెనీని తిడితే ఆ ఇబ్బంది ఉండదు. కుట్ర కథ అందుకే అంత తొందరగా మన మనసుకు పడుతోందని నా నమ్మకం.

జంతువులను ప్రేమించే నా తోటివాళ్లకు కూడా ఒక మాట. కుక్క కరిచిన వీడియో వచ్చినప్పుడల్లా "ఇది ఫేక్, కావాలని చేస్తున్నారు" అనడం మానండి. అది కూడా అలాంటి కుట్ర కథే. ఇంకొకరి గేటు ముందు, పిల్లలు బడికి వెళ్లే దారిలో అన్నం పెట్టకండి. కాలనీవాళ్లతో మాట్లాడి ఒక చోటు, ఒక వేళ పెట్టుకోండి, నిబంధనలు చెప్పేది కూడా అదే. అన్నం పెట్టే ప్రతి కుక్కకూ ఆపరేషన్, టీకా అయ్యేలా చూడండి. అది చేయకుండా పెడితే మనమూ కుక్కల్ని పెంచుతున్నవాళ్లమే. ముచ్చటపడి జాతి కుక్కను కొని, పెద్దదయ్యాక హైవే పక్కన దింపేసి పోయేవాళ్ల గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో మొదటి నేరానికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. చట్టం వచ్చి అరవై ఏళ్లు దాటినా జరిమానా ఇంతే, ఇది మన పార్లమెంటు సిగ్గుపడాల్సిన విషయం. కానీ భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ఉంది. జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు. పోలీసులు "చిన్న కేసు" అని పంపించేయబోతే ఈ సెక్షన్ పేరు చెప్పండి.

మీ ఊళ్లో విషం పెట్టారని తెలిస్తే కళేబరాన్ని పూడ్చనివ్వకండి. ఫొటోలు, వీడియో తీసి, 100కు ఫోన్ చేసి, పశువైద్యుడితో పోస్టుమార్టం చేయించమని అడగండి. పూడ్చేస్తే కేసు నిలవడం కష్టం. ఎవరినైనా కుక్క కరిస్తే కారం, పసుపు, సున్నం పెట్టకుండా సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు చేతికే వేస్తారు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో సాధారణంగా మొదటి రోజు (దాన్ని సున్నాగా లెక్కపెడతారు), తర్వాత 3, 7, 28వ రోజుల్లో. ఒక్కటీ మానకూడదు, లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు మందు లేదు. వచ్చే గ్రామసభలోనో, వార్డు ఆఫీసులోనో ఈ ప్రశ్నలు అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి: ఈ ఏడాది మన ఊళ్లో ఎన్ని కుక్కలకు ఆపరేషన్ అయింది, ఎన్నిటికి టీకా వేశారు, ఆ పని ఎవరికి ఇచ్చారు, ఎంత బిల్లు చెల్లించారు, చికెన్ షాపుల వ్యర్థాలు ఎక్కడికి పోతున్నాయి? చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. దరఖాస్తు ఎలా రాయాలో తెలియనివాళ్లు కామెంట్లో అడగండి, నేను రాసిస్తాను.