ప్రీయాంప్‌కి 41.68, పవర్ యాంప్‌కి 58.32

మా ఇంట్లో పాటలు వినడానికి లక్షా యాభై వేలు మంజూరయ్యాయి. ఆ డబ్బులో ప్రీయాంప్లిఫయర్‌కి ఎంత, పవర్ యాంప్లిఫయర్‌కి ఎంత అన్న విషయం మీద సంక్రాంతి నుంచి మా హాల్లో చర్చలు నడుస్తున్నాయి, ఇప్పుడు శ్రావణమాసం వచ్చేసింది, ఇంతవరకు ఒక్క పాట మోగలేదు. వాస్తవాలు ప్రజల ముందు పెట్టాల్సిన అవసరం ఉంది కాబట్టి ఈ శ్వేతపత్రం.

ప్రీయాంప్ పైన ఉండే డబ్బా. ఏది మోగాలి, ఎంత గట్టిగా మోగాలి అన్నది అక్కడ తేలుతుంది. పవర్ యాంప్ కింద ఉండే బరువైన డబ్బా, పైవాడు వదిలిన సిగ్నల్‌ని పెంచి స్పీకర్లని కదిలిస్తుంది. అంటే ఒకటి ఎగువ రాష్ట్రం, ఇంకోటి దిగువ రాష్ట్రం, వాల్యూమ్ నాబ్ గేటు. ఇది మనకి కొత్తగా నేర్పాల్సిన తగాదా కాదు.

ఎగువ పక్షాన మా బాబాయి. ఎల్‌పీ రికార్డుల కాలం మనిషి. "ఒరేయ్, పైనుంచి బురద నీళ్లొస్తుంటే కింద ఎంత పెద్ద మోటారు పెట్టినా నీ పొలానికి పారేది బురదేరా" అంటారు. ఆయన కాలానికి ఆ మాట ముమ్మాటికీ నిజం. రికార్డు మీద నడిచే మూవింగ్ మాగ్నెట్ సూది ఇచ్చేది 5 మిల్లీవోల్టులు. దాన్ని వందల రెట్లు పెంచాలి, పైగా రికార్డు కోసేటప్పుడు కావాలని తగ్గించిన బేస్‌నీ పెంచిన ట్రెబుల్‌నీ 1954లో ఖాయమైన ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) లెక్క ప్రకారం మళ్లీ సరిచేయాలి. అంత నాజూకు పని చేసే డబ్బాకి డబ్బు పోయాల్సిందే. కానీ మా ఇంట్లో ఉన్నది సీడీ ప్లేయరు. అది 2 వోల్టులు ఇస్తుంది. మేం చూసిన పవర్ యాంప్ ఒక్క వోల్టు ఇస్తే చాలు 25 వోల్టులు చేస్తుంది, 8 ఓమ్‌ల స్పీకర్ మీద అది 78 వాట్లు. అంటే ఇప్పుడు ప్రీయాంప్ చేసే ఘనకార్యం పెంచడం కాదు, తగ్గించడం. తగ్గించడానికి ఇంత ఖర్చా అని అడిగితే బాబాయి నన్ను పిల్లకాకిని చూసినట్టు చూశారు. (ఆయన మాటలో ఒక్క పాయింటు మాత్రం కొట్టిపారేయలేను. చవక నాబ్‌ని బాగా తగ్గించి పెడితే ఎడమ చెవికీ కుడి చెవికీ సమానంగా రాదు, గాయని వచ్చి ఒక పక్క గోడకి ఆనుకుని పాడుతున్నట్టుంటుంది.)

దిగువ పక్షాన మా బావమరిది. వాడు పీఎంపీఓ (ఒక్క క్షణానికి లెక్కగట్టిన గొప్పల వాట్లు) యుగంలో పెరిగాడు, అరచేతి మందం స్పీకర్లున్న టేప్‌రికార్డర్ మీద కూడా వెయ్యి వాట్లని స్టిక్కరుండే రోజులు అవి. ఆ దెబ్బకి వాట్ల మీద నమ్మకం పోయి కిలోల మీద పడ్డాడు. "బావా, బరువు చూసి కొను, అబద్ధం చెప్పనిది ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే" అంటాడు. క్లాస్ డీ అనే తేలిక రకం యాంప్, రెండు కిలోలది, చూపిస్తే ఒంటిచేత్తో ఎత్తి, చెవి దగ్గర ఊపి, "ఇందులో ఏం లేదు" అని దించేశాడు. 50 వాట్ల నుంచి 100కి పోతే పెరిగేది 3 డెసిబెల్స్, అంటే చెవికి కాస్తంతే అనీ, మా పన్నెండు బై పధ్నాలుగు గదిలో మామూలుగా వింటే ఖర్చయ్యేది ఒక వాటు అటూ ఇటూ అనీ చెప్పి చూశాను. "మరి డప్పు మీద దెబ్బ పడితే?" అన్నాడు. నిజమే, ఆ క్షణానికి పదింతలు, ఇరవై ఇంతలు కావాలి. వరద ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు.

1987 జనవరిలో స్టీరియో రివ్యూ అనే అమెరికా పత్రిక కొన్ని యాంప్లిఫయర్లని పేర్లు దాచి వినిపిస్తే, చవకదీ ఖరీదైనదీ శ్రోతలు విడదీసి చెప్పలేకపోయారని రాసింది. ఇది చదివి వినిపించిన ఒక్క రోజే రెండు పక్షాలూ ఏకమయ్యాయి, నా మీద.

చివరికి నేనే రాజ్యాంగబద్ధమైన దారి చూపించాను. 2014 విభజన చట్టంలో ఆస్తులకీ అప్పులకీ జనాభా నిష్పత్తి 58.32, 41.68 అని ఉంది కదా. మనమూ అదే పాటిద్దాం, జనాభా బదులు బరువు. దాని ప్రకారం పవర్ యాంప్‌కి 87,480 రూపాయలు, ప్రీయాంప్‌కి 62,520. బాబాయి భగ్గుమన్నారు. "కృష్ణా నీళ్లు 811 టీఎంసీల్లో కిందవాళ్లకి 512, పైవాళ్లకి 299 అన్నారు, అది సరిపోలేదా, ఇప్పుడు పాటల్లో కూడానా?" అని ట్రిబ్యునల్ అడిగారు. అది తేలేదాకా ఇది తాత్కాలిక ఏర్పాటని నచ్చజెప్పి కోఠీకి బయల్దేరదీశాను.

కోఠీలో షాపతను అమాయకుడు. "రెండూ ఒకే డబ్బాలో వస్తాయి కదండీ, ఇంటిగ్రేటెడ్ తీసుకోండి, యాభై వేలలో అయిపోద్ది, మిగతాది మంచి స్పీకర్లకి పెట్టండి" అన్నాడు. మా ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది, సమైక్యవాది. 1978లో వచ్చిన 20 వాట్ల ఎన్‌ఏడీ 3020 యాంప్లిఫయర్ కూడా ఒకే డబ్బానే, కానీ దాని వెనకాల ప్రీనీ పవర్‌నీ కలిపే లోహపు లింకులు ఉండేవి, లాగేస్తే రెండూ విడిపోయేవి. కలిసి ఉన్నప్పుడే విడిపోయే ఏర్పాటు చేసుకున్నవాళ్లు విజ్ఞులు అన్నారు బాబాయి.

డబ్బాలు రెండూ ఇంటికొచ్చాయి. అప్పుడు మా ఆవిడ అడిగింది, "మోగేది దేంట్లోంచి?" అని.

రాజధాని సంగతి చట్టంలో ఉంది గానీ దానికి మేం నిధులు పెట్టలేదు. ప్రస్తుతానికి మా నాన్నగారి పాత స్పీకర్లే ఉమ్మడి రాజధాని అని ప్రకటించాం. అమ్మ ఒకదాని మీద మనీ ప్లాంటూ ఇంకోదాని మీద వడియాల డబ్బా పెట్టుకుంది. అవి తీసి ముందు గుడ్డ విప్పితే కోను చుట్టూ ఉండాల్సిన ఫోమ్ ముట్టుకోగానే పొడైపోయింది.

దాన్ని రిపేరుకి ఇచ్చాం, ఈ లోగా కేబుల్ దగ్గర ఆగిపోయాం. పై డబ్బా నుంచి కింది డబ్బాకి వెళ్లే ఒక మీటరు పొడవు తీగ, ఎనిమిది వేలు. అది సరిహద్దు ప్రాజెక్టు. ఎవరి ఖాతాలో రాయాలి? నాగార్జున సాగర్‌లో 26 గేట్లకి 2023 నవంబరు చివర్లో 13వ గేటు దగ్గర కంచె వేసినట్టు, మా బావమరిది తీగకి సరిగ్గా అర మీటరు దగ్గర ఎర్ర టేపు చుట్టాడు. బాబాయి తన వైపు ప్లగ్గు పీకి జేబులో పెట్టుకున్నారు.

నిన్న సాయంత్రం వంటింట్లోంచి పాట వినిపించింది. అమ్మ ఫోన్‌ని స్టీలు గ్లాసులో నిలబెట్టి చిక్కుడుకాయలు తుంచుకుంటోంది. ముగ్గురం గుమ్మం దగ్గర నిలబడ్డాం. గొంతు గదంతా నిండుగా ఉంది.

"వదినా, స్టీలు కాస్త గరుకుగా ఉంటుంది, కంచు గ్లాసులో పెట్టండి, ముందు సిగ్నల్ శుభ్రంగా ఉండాలి" అన్నారు బాబాయి.

"గ్లాసేం సరిపోతుంది అత్తయ్యా, బిందెలో పెట్టండి" అన్నాడు బావమరిది.