పులిహోరలో పణిక్కర్

(బార్సిలోనాలో అమ్మాయి ఫ్లాటు. రాత్రి తొమ్మిదవుతున్నా కిటికీలో ఇంకా వెలుతురే. రేపటి ప్రయాణానికి సుగుణ బేసిన్‌లో పులిహోర కలుపుతోంది. మణికట్టు దాకా పసుపు. భాస్కరం చేతిలో ఫోను.)

భాస్కరం: రేపు అల్లుడు తీసుకెళ్ళే తవెర్తెత్ ఎవరి ఊరో తెలుసా? రైమోన్ పణిక్కర్ ఉన్న ఊరు!

సుగుణ: మలయాళీకి ఇక్కడ ఊరేమిటి? ఏవండీ, ఇంగువ డబ్బా ఎక్కడ పెట్టారు?

భాస్కరం: పుట్టిందే బార్సిలోనాలో, 1918లో. నాన్న కేరళ హిందువు, అమ్మ ఈ ప్రాంతపు కటలాన్ క్యాథలిక్. చర్చిలో ఫాదర్ అయ్యాడు. పైగా మూడు డాక్టరేట్లు! 1946లో ఫిలాసఫీ, 1958లో కెమిస్ట్రీ, 1961లో థియాలజీ.

సుగుణ: మీరూ బీకాం మూడుసార్లు రాశారుగా.

భాస్కరం: (వినిపించనట్టు) 1954లో ఇండియా వెళ్ళాడు. కాశీలో ఉండి వేదమంత్రాలు ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఆయనే అన్నాడు... క్రైస్తవుడిగా బయల్దేరాను, హిందువునని తెలిసింది, బౌద్ధుడిగా తిరిగొచ్చాను అని.

సుగుణ: మన ఎమ్మెల్యే కూడా అంతేగా. ఒక్క టర్ములో మూడు పార్టీలు.

భాస్కరం: అక్కడే పొరపడ్డావు. ఎమ్మెల్యే పాత పార్టీ వదిలేస్తాడు. ఈయన క్రైస్తవుడిగా ఉండటం మాత్రం మానలేదన్నాడు.

సుగుణ: అంటే మూడు కండువాలూ మెడలోనే! ఉక్కపొయ్యలేదూ?

భాస్కరం: చర్చికి పోసింది. 1984లో పెళ్ళి చేసుకున్నాడు కూడా.

సుగుణ: ఫాదరా? ఆ వయసులోనా?

భాస్కరం: అరవై దాటాక.

సుగుణ: మూడు డాక్టరేట్లున్నా చేసేవి చేస్తూనే ఉంటారన్నమాట మగవాళ్ళు. ఇంగువ అడిగాను.

భాస్కరం: అసలు సంగతి విను. దేవుడు, మనిషి, ప్రపంచం. ఈ మూడూ విడివిడిగా ఉండవంటాడు. ఒకదాంట్లో ఒకటి. దీనికి పెద్ద పేరు పెట్టాడులే, నాకే నోరు తిరగదు.

సుగుణ: (ముద్ద ఎత్తి చూపిస్తూ) దీంట్లోంచి పులుపు తీసి ఇటు పెట్టండి చూద్దాం. ఉప్పు అటు పెట్టండి. అవుతుందా?

భాస్కరం: (కాసేపు ముద్ద వంకే చూసి) ...హార్వర్డ్‌లో ఆయన పాఠం చెప్పింది ఇదే అయ్యుంటుంది.

సుగుణ: అక్కడ పోపు మాడిపోయేది కాదు. నూనె కాగుతోంది, ఇంగువ!

భాస్కరం: సంభాషణ మీద కూడా గొప్ప మాట చెప్పాడు. మాటల్లో ఎదుటివాణ్ణి ఓడించాలని చూడకూడదట. చెవులు పెట్టి వింటే మన సంగతి మనకి వాళ్ళ నోటి వెంట తెలుస్తుందట.

సుగుణ: మీ సంగతి చెప్పమంటారా?

భాస్కరం: ఇంకా పూర్తి కాలేదు. 2010లో పోయాడు. అస్థికలు కొన్ని తవెర్తెత్‌లో పూడ్చారు, కొన్ని గంగలో కలిపారు.

సుగుణ: పోయాక కూడా తేల్చుకోలేదన్నమాట పాపం. ఇప్పటికి నాలుగోసారి: ఇం-గు-వ!

భాస్కరం: ఇంగువా? అడగొచ్చుగా ముందే! డబ్బా మూత ఊడింది. సగం ఫ్రిజ్‌లో పెట్టాను.

సుగుణ: మిగతా సగం?

భాస్కరం: (ఫోను జేబులో పెట్టుకుంటూ, తలుపు వైపు జరుగుతూ) కవరు కట్టి... నీ పట్టుచీరల సూట్‌కేసులో.